సహాయక నివాసాల్లో వృద్ధుల సంరక్షణ: నాణ్యత నిర్ధారణ

వయసు మీదపడి సొంతంగా ఇల్లు నడుపుకోలేని స్థితికి చేరినా, ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేయవలసినంత జబ్బు లేనివారికి విడిగా గది ఇచ్చి, స్నానం, బట్టలు, భోజనం, మందులు వంటి నిత్యకృత్యాల్లో మనిషి సాయం అందించే వసతిని అసిస్టెడ్ లివింగ్ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని సహాయక నివాసం అని వ్యవహరించడం జరిగింది. అన్ని పనులూ స్వయంగా చేసుకోగలవారు చేరే రిటైర్మెంట్ హోమ్‌కూ, నర్సుల పర్యవేక్షణ రాత్రింబవళ్లు అవసరమైనవారు ఉండే నర్సింగ్ హోమ్‌కూ నడుమ దీని స్థానం. నర్సింగ్ హోమ్ అంటే తెలుగునాట చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనే అర్థం స్థిరపడింది గాని, అమెరికాలో ఆ పేరు దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రానికి చెల్లుతుంది. ఇక్కడ ఆ రెండో అర్థమే గ్రాహ్యం.

ఇటువంటి నివాసంలో సంరక్షణ ఎంత మంచిదో నిర్ధారించడం ఇతర సేవల నాణ్యతను నిర్ధారించడం కన్నా కష్టమైన పని. సేవ పొందే మనిషి తరచుగా మతిమరుపు వ్యాధితోనో, మాట పడిపోయిన స్థితిలోనో ఉండి తన అనుభవాన్ని చెప్పుకోలేని దశలో ఉంటాడు. చెప్పగలిగినా, రేపు స్నానం చేయించవలసిన ఆయా మీదే ఇవాళ ఫిర్యాదు చేయడానికి జంకుతాడు. డబ్బు కట్టేది మరొకరు, అందునా తరచుగా వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో ఉండే సంతానం. అన్నిటికన్నా సున్నితమైన పనులు మూసిన తలుపుల వెనుక, చాలావరకు రాత్రిపూట జరుగుతాయి. పైగా ఎంత శ్రద్ధగా చూసినా ముసలితనంలో శక్తి సన్నగిల్లుతుంది, మరణం వస్తుంది. కనుక ఏ క్షీణత వయసు వల్ల వచ్చిందో, ఏది నిర్లక్ష్యం వల్ల వచ్చిందో విడదీయడమే ఈ శాస్త్రంలోని అసలు చిక్కు.

పుట్టుక, వ్యాప్తి

ఈ తరహా నివాసానికి ఆద్యురాలిగా అమెరికాకు చెందిన వృద్ధాప్య అధ్యయన నిపుణురాలు కేరెన్ బ్రౌన్ విల్సన్‌ను చెబుతారు. పక్షవాతం వచ్చిన తల్లి నర్సింగ్ హోమ్‌లో గడిపిన సంవత్సరాలను చూసిన విల్సన్, 1983లో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో పార్క్ ప్లేస్ పేరుతో 112 ఇళ్ల సముదాయాన్ని ప్రారంభించారు. అక్కడ ప్రతి ఇంటికీ లోపలినుంచి వేసుకోగల తాళం, చిన్న వంటిల్లు, సొంత స్నానాల గది ఉండేవి. గదిలో వేడి ఎంత ఉండాలో, ఏం తినాలో, ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయించేది అందులో నివసించే వ్యక్తే. తాళం ఇస్తే ముసలివారు లోపల పడిపోతే దిక్కెవరన్న భయం అధికారులకు ఉండటం వల్ల, అనుమతికి బదులుగా నివాసితుల ఆరోగ్యం, జ్ఞాపకశక్తి, శరీర సామర్థ్యం, సంతృప్తి నాలుగింటినీ క్రమం తప్పకుండా నమోదు చేయాలని రాష్ట్రప్రభుత్వం షరతు పెట్టింది. 1988లో బయటికి వచ్చిన ఆ ఫలితాల ప్రకారం స్వేచ్ఛ పెరిగినందుకు ఆరోగ్యం దెబ్బతినలేదు. సంతృప్తి పెరిగింది, తీవ్రమైన కుంగుబాటు తగ్గింది, ప్రభుత్వ సాయంతో ఉన్నవారి మీద ఖర్చు నర్సింగ్ హోమ్‌తో పోలిస్తే 20 శాతం తక్కువైంది. సహాయక నివాసమన్న భావన పుట్టుకతోనే నాణ్యత నిర్ధారణ కూడా పుట్టిందన్నమాట. ఆ తర్వాత ఆ పేరుతో వెలసిన వ్యాపార సంస్థలు నివాసాన్ని పుచ్చుకున్నంత ఆత్రంగా ఆ నమోదు పద్ధతిని పుచ్చుకోలేదు.

2020 నాటికి అమెరికాలో ఈ కోవకు చెందిన నివాసాలు 30 వేలు దాటాయి, వాటిలో ఉండేవారు 8 లక్షలు దాటారు. అయినా వాటికి దేశమంతటికీ వర్తించే నాణ్యతా ప్రమాణం లేదు. నర్సింగ్ హోమ్‌ల విషయం వేరు: 1986లో వెలువడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక ఆధారంగా 1987లో చట్టం వచ్చి, ప్రతి నివాసి పరిస్థితినీ ఒకే నమూనా పత్రంలో నింపి ప్రభుత్వానికి పంపడం తప్పనిసరి అయింది, 2008 డిసెంబరు నుంచి ఆ వివరాలతో ఒకటి నుంచి ఐదు నక్షత్రాల రేటింగు ప్రజలకు అందుబాటులో ఉంది. సహాయక నివాసాల లైసెన్సులు, తనిఖీలు మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకునేవి కావడంతో, టెక్సాస్‌లో ఉన్న కొడుకూ న్యూజెర్సీలో ఉన్న కూతురూ తల్లిదండ్రులకు చోటు వెతికేటప్పుడు ఒకే కొలతతో రెండు చోట్లను పోల్చుకునే వీలు లేదు. ఆయా రాష్ట్రాల లైసెన్సు విభాగాలు ప్రచురించే తనిఖీ నివేదికలు, నివాసితుల పక్షాన ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ వ్యవస్థ, ఈ రెండే ప్రధానమైన ఆధారాలు.

నిర్మాణం, ప్రక్రియ, ఫలితం

నాణ్యతను ఏ కోణం నుంచి చూడాలన్న ప్రశ్నకు నేటికీ చెల్లుబాటవుతున్న సమాధానం బీరూట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యుడు అవేదిస్ డొనబేడియన్ 1966లో ఇచ్చినది. ఆయన నాణ్యతను మూడు పొరలుగా చూశాడు. భవనం, పరికరాలు, సిబ్బంది సంఖ్య, వారి శిక్షణ మొదలైనవి నిర్మాణం. రోజువారీగా ఏం చేస్తున్నారు, ఎప్పుడు చేస్తున్నారు అన్నది ప్రక్రియ. దానివల్ల మనిషికి ఏమైంది అన్నది ఫలితం. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉండటం నిర్మాణం, తెల్లవారుజామున మూత్రానికి లేచే వృద్ధురాలికి తోడుగా ఎవరైనా వెళ్లడం ప్రక్రియ, ఆ ఏడాది ఆమె తుంటి విరగకుండా ఉండటం ఫలితం. మూడింటిలో నిర్మాణాన్ని లెక్కపెట్టడం తేలిక గనుక తనిఖీ అధికారులూ, కరపత్రాలు అచ్చువేసే యాజమాన్యాలూ దానిమీదే ఆధారపడతారు. ఫలితం ఒక్కటే చూస్తే ఆరోగ్యవంతులను మాత్రమే చేర్చుకునే సంస్థకు మంచి మార్కులు పడతాయి. అందువల్ల ఫలితాలను పోల్చేటప్పుడు, చేరేనాటికి ఎవరు ఎంత బలహీనంగా ఉన్నారో లెక్కలోకి తీసుకుని సవరించుకోవాలి.

ఆ తొలి బలహీనతను కొలిచే సాధనాలు చాలాకాలంగా ఉన్నాయి. సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రకటించిన సూచిక స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీదినుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తినడం అనే ఆరు పనుల్లో మనిషికి ఎంత సాయం కావాలో చెబుతుంది. లాటన్, బ్రోడీలు 1969లో రూపొందించిన పట్టిక ఫోను చేయడం, సరుకులు కొనడం, డబ్బు లెక్క చూసుకోవడం వంటి ఎనిమిది కాస్త క్లిష్టమైన పనులకు సంబంధించినది. పడిపోయే ముప్పును అంచనా వేయడానికి మనిషిని కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమంటారు. దీనికి 12 సెకన్లు, అంతకుమించి పడితే జాగ్రత్త అవసరమని భావిస్తారు. ఈ పరీక్షల ఆధారంగా ప్రతి నివాసికీ రాతపూర్వకమైన సంరక్షణ ప్రణాళిక తయారు కావాలి. ఎన్ని ఫారాలు నింపారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ప్రణాళికలో రాసినదీ, గదిలో కనిపించే మనిషీ ఒకరేనా అన్నది ముఖ్యం. ఆరు నెలల కిందట తుంటి ఆపరేషన్ జరిగినవారి పత్రంలో ఇంకా సొంతంగా నడవగలరు అనే ఉంటే, ఆ సంస్థలో కాగితం ఒక దారి, పని ఒక దారి అని అర్థం.

శరీరం చెప్పే సాక్ష్యం

సంరక్షణ ఎలా ఉందో దాచడానికి వీలులేని సాక్ష్యం చర్మం. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన మనిషి ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉంటే ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చోట రక్తప్రసరణ ఆగి, కణజాలం చచ్చి పుండు పడుతుంది. నడుము కింది త్రికాస్థి, మడమలు, తుంటి పక్కలు దీనికి ముఖ్యస్థానాలు. ఈ పడక పుండ్లను నాలుగు దశలుగా విభజిస్తారు: మొదటి దశలో చర్మం చెక్కుచెదరకుండానే వేలితో నొక్కినా పోని ఎరుపు ఉంటుంది, రెండో దశలో పైపొర లేస్తుంది, మూడో దశలో లోపలి కొవ్వు, నాలుగో దశలో కండరమో ఎముకో బయటపడతాయి. మన దేశీయుల చామనచాయ, నల్లని చర్మం మీద ఆ తొలి ఎరుపు కంటికి ఆనదు. చుట్టుపక్కల చర్మం కన్నా ఆ చోటు ముదురు రంగులోకి తిరగడం, వెచ్చగానో చల్లగానో తగలడం, తాకితే గట్టిగానో మరీ మెత్తగానో ఉండటం గుర్తులు. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల రంగు బొమ్మలు చూసి నేర్చుకున్న సిబ్బంది ఇక్కడ మొదటి దశను దాటవేసి నేరుగా రెండో దశలో పుండును కనుక్కోవడం అరుదేమీ కాదు.

ముప్పును ముందే పసిగట్టడానికి బార్బరా బ్రేడన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ 1987లో ప్రచురించిన కొలబద్ద స్పర్శజ్ఞానం, చెమ్మ, నడక, కదలిక, పోషణ, ఒరిపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేసి 6 నుంచి 23 మధ్య మొత్తం చూపిస్తుంది. 18, అంతకు తక్కువ వస్తే ముప్పు ఉన్నట్టు. దానికి విరుగుడుగా రెండు గంటలకొకసారి పక్క మార్చడం చిరకాలంగా వాడుకలో ఉన్న నియమం, పరుపు రకాన్నీ మనిషి స్థితినీ బట్టి ఆ వ్యవధి మారుతుంది. పక్క మార్చిన ప్రతిసారీ సమయం వేసి సంతకం చేసే పట్టిక మంచం దగ్గర వేలాడుతూ ఉంటుంది. ఆ పట్టికలో రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు గంటల ఎదురుగా ఒకే సిరాతో, ఒకే ఒరవడిలో, ఒక్క నిమిషం తేడా లేకుండా సంతకాలు ఉంటే అవి తెల్లవారాక ఒక్క చేతిమీదుగా పడ్డవని అనుమానించడంలో తప్పులేదు. ఆసుపత్రి నుంచే పుండుతో వచ్చినవారు ఉంటారు గనుక, చేరిన రోజున చర్మం ఎలా ఉందో నమోదు చేశారా లేదా అన్నది నిజాయితీకి మొదటి పరీక్ష. సంస్థలో చేరాక కొత్తగా పడ్డ పుండ్ల లెక్కే అసలైన సూచిక.

బరువు మరో నమ్మకమైన సాక్షి. నెలరోజుల్లో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే అమెరికా నర్సింగ్ హోమ్‌ల నమోదు పద్ధతిలో దాన్ని తీవ్రమైన విషయంగా పరిగణిస్తారు. 50 కిలోలున్న వృద్ధురాలు నెలలో రెండున్నర కిలోలు తగ్గడమన్నమాట. కారణం జబ్బే కానవసరం లేదు. పళ్ల సెట్టు వదులైపోవడం, పళ్లెం అందనంత దూరంలో పెట్టి పావుగంట తర్వాత నిండుగానే తీసుకుపోవడం, మింగలేని మనిషికి విడివిడి మెతుకుల అన్నం పెట్టడం, రోజూ రాత్రి రొట్టె తిననివారికి రొట్టె వేయడం, వీటిలో ఏదైనా కావచ్చు. మెత్తగా కలిపిన పప్పన్నమో పెరుగన్నమో పక్కన కూర్చుని తినిపించడానికి ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. పదిమందికి తినిపించవలసిన చోట ఆయా ఒక్కరే ఉంటే ఆ లెక్క ఎక్కడ తేలుతుందో చెప్పనక్కరలేదు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారి విషయంలో ఈ ఆలస్యం మరింత ప్రమాదకరం: సూది వేళకు పడి, అన్నం ఆలస్యమైతే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది.

మందుల నిర్వహణలో రెండు రకాల లోపాలు చూడాలి. ఒకటి, వేయవలసినది వేయకపోవడం, ఒకరిది మరొకరికి వేయడం. దీన్ని వేళల పట్టికతో, మిగిలిన మాత్రల లెక్కతో పట్టుకోవచ్చు. రెండోది వేయకూడనిది వేయడం. మార్క్ బీర్స్ 1991లో నర్సింగ్ హోమ్ నివాసితుల కోసమే తయారుచేసి, తర్వాత అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తున్న జాబితా, వృద్ధులకు మేలుకన్నా కీడు ఎక్కువ చేసే మందులను పేర్కొంటుంది. మతిమరుపు వ్యాధి ఉన్నవారు అరవడం, తిరగడం మానాలని మానసిక వ్యాధుల మందులు వాడటం ఈ రంగంలో పాతుకుపోయిన దురలవాటు. ఆ వ్యాధిగ్రస్తుల్లో ఈ మందులు మరణాల ముప్పును పెంచుతున్నాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొత్త తరం మందులకు, 2008లో పాత తరం మందులకు తీవ్రమైన హెచ్చరిక జారీచేసింది. మంచానికి కట్టివేయడం కంటికి కనిపించే నిర్బంధం, మాత్రతో మగతలో ఉంచడం కనిపించని నిర్బంధం. మధ్యాహ్నం మూడింటికి హాల్లో ఉన్నవారంతా కునికిపాట్లు పడుతుంటే ఆ నిశ్శబ్దాన్ని ప్రశాంతత అనుకోకుండా మందుల చీటీలు అడిగి చూడాలి.

సిబ్బంది, భాష

ఏ దేశపు అనుభవం చూసినా నాణ్యతతో గట్టిగా ముడిపడ్డది సిబ్బంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్ 2019లో ఇచ్చిన మధ్యంతర నివేదికకు నిర్లక్ష్యం అన్న ఒక్క పదమే శీర్షిక. 2021 మార్చిలో తుది నివేదిక వెలువడ్డాక, ఆ దేశపు వృద్ధ నివాసాల్లో ఒక్కొక్క నివాసికి రోజుకు సగటున ఇన్ని నిమిషాల ప్రత్యక్ష సంరక్షణ అందాలన్న నిబంధన వచ్చింది. అది 2024 అక్టోబరు నుంచి 215 నిమిషాలు, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సువి. తలసరి నిమిషాలు లెక్కించడం వల్ల ఇంతమందికి ఒకరు అన్న మోటు నిష్పత్తి కన్నా కచ్చితత్వం పెరుగుతుంది. కానీ ఆ లెక్కను సంస్థే చెబితే నమ్మేది ఎలా? అమెరికాలో తొలినాళ్ల నక్షత్రాల రేటింగుకు సిబ్బంది వివరాలు సంస్థలే స్వయంగా రాసి ఇచ్చేవి. తనిఖీ వారంలో సంఖ్య పెంచి చూపే అవకాశం ఉండటంతో 2018 నుంచి జీతాల రిజిస్టరు ఆధారంగా లెక్కించడం మొదలైంది. జీతాల రిజిస్టరు అబద్ధమాడటం తక్కువ.

భారతదేశంలో ఈ పని చేసేవారిని ఆయాలనీ, అటెండర్లనీ, కేర్‌టేకర్లనీ పిలుస్తారు. ఏజెన్సీ ద్వారా నెలకొకరు మారే చోట నివాసికి అలవాటైన చేయి ఉండదు, ఆ చేతికి నివాసి అలవాట్లు తెలియవు. భాష కూడా సంరక్షణలో భాగమే. మతిమరుపు వ్యాధి ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోయి చిన్ననాటి భాష మిగలడం తరచుగా గమనించిన విషయం. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం, ఒక్క భాషే తెలిసినవారి కన్నా రెండు భాషలు తెలిసినవారిలో ఈ వ్యాధి నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని చూపింది గాని, వ్యాధి వచ్చాక ఆ రెండో భాష చివరిదాకా నిలుస్తుందన్న హామీ అందులో లేదు. ఉద్యోగమంతా ఇంగ్లీషులో చేసిన మనిషి న్యూజెర్సీలోని నివాసంలో దాహం వేసినప్పుడు మంచినీళ్లని అడిగితే తెలిసినవారు లేకపోవడం, హైదరాబాద్ నివాసంలో తెలుగు రాని ఆయాతో అదే మనిషి సైగలతో నెట్టుకురావడం, రెండూ ఒకే లోపానికి రెండు రూపాలు. ఏ తనిఖీ పత్రంలోనూ దీనికి గడి కనిపించదు.

బతుకు, భద్రత

శరీరం బాగున్నంత మాత్రాన బతుకు బాగున్నట్టు కాదన్న గుర్తింపు సామాజిక శాస్త్రాల నుంచి వచ్చింది. అందరూ ఒకే వేళకు లేచి, ఒకే వేళకు తిని, ఒకే అధికారం కింద బతికే సంస్థలు మనిషి వ్యక్తిత్వాన్ని ఎలా అరగదీస్తాయో ఎర్వింగ్ గోఫ్‌మన్ 1961లో విశ్లేషించాడు. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ 1976లో కనెక్టికట్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఒక అంతస్తు వారికి మొక్కను ఎంచుకుని పెంచే బాధ్యతతోపాటు చిన్న చిన్న నిర్ణయాలు అప్పగించి, మరో అంతస్తు వారికి అన్నీ సిబ్బందే చూసుకుంటారని చెప్పగా, మొదటివారిలో చురుకుదనం పెరిగింది. తర్వాతి ఏడాది ప్రకటించిన మరణాల లెక్కను రచయిత్రులే సవరించుకోవలసి వచ్చినా, ఎంపిక చేసుకునే వీలు కూడా సంరక్షణలో భాగమన్న ఆలోచన ఆ ప్రయోగంతో బలపడింది. బ్రిటన్‌లో టామ్ కిట్‌వుడ్ బృందం బ్రాడ్‌ఫర్డ్‌లో తీర్చిదిద్దిన పద్ధతి ఇంకా సూక్ష్మమైనది: శిక్షణ పొందిన పరిశీలకుడు హాలులో ఒక మూల గంటల తరబడి కూర్చుని, ప్రతి ఐదు నిమిషాలకూ ఒక్కొక్క నివాసి ఏం చేస్తున్నాడు, ఏ మనఃస్థితిలో ఉన్నాడు అన్నది సంకేతాలతో నమోదు చేస్తాడు. చెప్పకుండా వెనకనుంచి చక్రాల కుర్చీ తోసేయడం, మనిషి ఎదుటే ఉండగా అతని విరేచనాల గురించి ఇద్దరు ఆయాలు మాట్లాడుకోవడం ఇందులో లోపాలుగా లెక్కకు వస్తాయి. మాట్లాడలేనివారి అనుభవాన్ని పట్టుకోవడానికి ఇంతకు మించిన దారి ఇంకా రాలేదు, కాకపోతే ఖర్చూ ఓపికా ఎక్కువ కావాలి.

భద్రతకూ స్వేచ్ఛకూ మధ్య పేచీ ఇక్కడ ఎప్పుడూ ఉంటుంది. కాస్త ముప్పు ఉన్నా తనకు నచ్చినట్టు బతికే హక్కు బలహీనులకూ ఉండాలని 1972లో రాబర్ట్ పెర్‌స్కీ వాదించాడు. ఉదయం వాకిట్లో నడవాలని తండ్రి కోరుకుంటాడు, పడిపోతాడని పిల్లలు వద్దంటారు, యాజమాన్యం పిల్లల మాటే వింటుంది, ఎందుకంటే బిల్లు కట్టేది వారు. పడిపోవడాల సంఖ్య సున్నా అని గొప్పగా చెప్పుకునే సంస్థ అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఆ సున్నాను సాధించి ఉండవచ్చు. కుటుంబసభ్యుల సంతృప్తి సర్వేను నివాసి సంతృప్తికి బదులుగా వాడకూడదనడానికి కారణం ఇదే. ఇంగ్లండ్‌లో 2009 నుంచి పనిచేస్తున్న కేర్ క్వాలిటీ కమిషన్ సురక్షితమా, ఫలవంతమా, ఆదరణ ఉందా, అవసరానికి తగ్గట్టు స్పందిస్తున్నారా, నాయకత్వం బాగుందా అనే ఐదు ప్రశ్నల మీద రేటింగు ఇస్తూ, తనిఖీదారులు తమ తల్లిని ఇక్కడ ఉంచుతారా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలని ప్రచారం చేసింది. అన్ని కొలతలూ అయ్యాక కూడా ఆ ప్రశ్న అవసరమైందంటే కొలతల పరిమితి తెలుస్తుంది.

గదిలో కెమెరా పెట్టడం ఈ పేచీకి కొత్త రూపం. టెక్సాస్ 2001లోనే దీనికి చట్టంతో వీలు కల్పించింది. నివాసి సమ్మతి, ఒకే గదిలో ఉండే మరొకరి సమ్మతి, స్నానం చేయించి బట్టలు మార్చే వేళ మరుగు, వీటికి ఏర్పాటు లేకుండా విదేశంలోని సంతానం ఫోనులో చూసుకునే వీలుంటే చాలన్నది సంరక్షణ కాదు, కాపలా.

భారతదేశంలో పరిస్థితి

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10.38 కోట్లు, అంటే జనాభాలో 8.6 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 9.8 శాతం. వీరి కోసం ఉన్న సంస్థలు మూడు తరగతులు: ధర్మసంస్థలు నడిపే ఉచిత ఆశ్రమాలు, కేంద్రప్రభుత్వ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపేవి, నెలకింత అని డబ్బు తీసుకునే ప్రైవేటు నివాసాలు. నగరాల్లో సహాయక నివాసం అన్న పేరు పెట్టుకుంటున్నవి ఈ మూడో తరగతివే. వైద్యుడు ఉండే చోటు, రోజుకు ఒక్కసారి నర్సు వచ్చిపోయే చోటు, అద్దె ఇంట్లో పది మంచాలు వేసిన చోటు, అన్నిటి బోర్డు మీదా ఒకే పేరు ఉండవచ్చు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి చాలే వృద్ధాశ్రమాలను రాష్ట్రప్రభుత్వాలు స్థాపించవచ్చని చెబుతుంది గాని తప్పనిసరి చేయదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టం కింద నియమావళి 2011లో వచ్చింది. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఒక్కొక్క నివాసికి పడకగదిలో 7.5 చదరపు మీటర్లు, వంటిల్లు, భోజనశాల వంటివాటితో కలిపి 12 చదరపు మీటర్లు ఉండాలనీ, ర్యాంపులు, చేతికడ్డీలు, మగవారికీ ఆడవారికీ వేర్వేరు మరుగుదొడ్లు, టీవీ, పత్రికలు, ప్రథమచికిత్స ఏర్పాట్లు ఉండాలనీ ఉంది. డొనబేడియన్ చెప్పిన మూడు పొరల్లో ఇవన్నీ మొదటి పొరకు చెందినవి. రాత్రి డ్యూటీలో ఎందరుండాలి, పడక పుండ్ల లెక్క ఎవరికి పంపాలి, పడిపోయిన సంఘటనను ఎన్ని గంటల్లో కుటుంబానికి తెలపాలి అన్న ప్రశ్నలు వాటిలో తలెత్తవు. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో అనుమతి లేకుండా నడుస్తున్న ఒక ఆశ్రమంలో మనుషులను గొలుసులతో బంధించి ఉంచినట్టు బయటపడినప్పుడు, విషయం పోలీసులకు చేరింది ఇరుగుపొరుగుల ఫిర్యాదుతో. తనిఖీ వ్యవస్థతో కాదు.

ఈ స్థితిలో కుటుంబాలే తనిఖీదారులు కావలసి వస్తున్నది. చేర్చే ముందు ఒకసారి ముందుగా చెప్పి, మరోసారి చెప్పకుండా, అందులోనూ ఆదివారం సాయంత్రమో రాత్రి భోజనవేళో వెళ్లడం ప్రయోజనకరం. మంచం దగ్గర నీళ్ల గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందా, కళ్లజోడు తుడిచి ఉందా, వినికిడి యంత్రంలో బ్యాటరీ పనిచేస్తున్నదా, కాలిగోళ్లు తీశారా అన్నవి చలువరాతి లాబీ కన్నా ఎక్కువ చెబుతాయి. మూత్రపు వాసన ఒక హాలులో కాసేపు ఉంటే సహజం, భవనమంతా ఉంటే లోపం. ఎప్పుడు వెళ్లినా ఫినాయిల్ వాసన ముక్కు బద్దలు కొడుతున్నా అనుమానించవలసిందే. పిలుపుగంట నొక్కి ఎంతసేపటికి వస్తారో చూడటానికి అనుమతి అక్కరలేదు. ఒప్పందపత్రంలో డిపాజిట్టు తిరిగి ఇచ్చే షరతులు, జబ్బు ముదిరితే ఖాళీ చేయించే షరతులు, డయాపర్లకూ ఆక్సిజన్‌కూ విడిగా వేసే చార్జీలు చదవాలి. ఇవన్నీ చదువూ డబ్బూ సమయమూ ఉన్న కుటుంబాలకు సాధ్యమయ్యేవి. ఉచిత ఆశ్రమంలో చేరే దిక్కులేని మనిషి తరఫున గంట నొక్కి చూసేవారు లేరు.

నివాసాల రిజిస్ట్రేషనును, కనీస ప్రమాణాలను తప్పనిసరి చేస్తూ 2007 నాటి చట్టానికి తెచ్చిన సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చి, స్థాయీసంఘం పరిశీలన కూడా పూర్తయ్యాక, చట్టం కాకుండానే ఆ సభ కాలం ముగిసింది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వశాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, నీతి ఆయోగ్ 2024 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ సంస్కరణల మీద విధానపత్రం ప్రచురించింది. రెండూ సలహాలే తప్ప శాసనాలు కావు. ఫిర్యాదుకు ప్రస్తుతమున్న సులభమైన మార్గం, 2017లో హైదరాబాద్‌లో ప్రయోగాత్మకంగా మొదలై తర్వాత దేశమంతటికీ విస్తరించిన ఎల్డర్‌లైన్. దాని ఉచిత నంబరు 14567.